కుర్చీలు వేయని పండగ

జనవరి చివరి నుంచి మార్చి దాకా మన పట్టణాల్లో ఫంక్షన్‌హాళ్లకు తీరికుండదు. పెళ్లిళ్లవాళ్లు వదిలేసిన తేదీలన్నీ ప్లేస్కూళ్ల యాన్యువల్ డేలకే. మూడేళ్ల బుడతడికి అద్దెకు తెచ్చిన నెమలి డ్రస్సు, పెదాలకు లిప్‌స్టిక్. స్టేజీ పక్కన నిలబడి టీచరు స్టెప్పులు వేస్తుంటే వాడు ఆమెను చూస్తూ సగం వేస్తాడు, సగం ఏడుస్తాడు. కింద అమ్మానాన్నలు ఫోన్లు ఎత్తి నిలబడతారు. తమవాడి పాట అయిపోగానే బండి తాళాలు తీస్తారు. పక్క కుర్చీలో ఉన్నావిడ తమ పిల్ల రోజూ ఇంటికొచ్చి కబుర్లు చెప్పే ఆ స్నేహితురాలి తల్లేనేమో! అడిగే తీరిక లేదు, అడిగినా ఆ డీజే మోతలో వినపడదు.

దీన్నే తల్లిదండ్రుల భాగస్వామ్యం అని కరపత్రంలో అచ్చువేస్తారు. డబ్బు కట్టి చప్పట్లు కొట్టడమే భాగస్వామ్యమైతే, సినిమాహాల్లో కూర్చున్నవాళ్లంతా మన చుట్టాలే.

వెనకటి వీధిబడి అయ్యవారికి హాలూ లేదు, మైకూ లేదు. దసరా వస్తే పిల్లల చేతికి విల్లంబులిచ్చి, పాటలు పాడించుకుంటూ ఇంటింటికీ తిప్పేవారు. జీతం సరిగా అందని అయ్యవారికి అది ఏడాది రాబడి కూడా. ఊళ్లో అన్ని గుమ్మాలూ ఎక్కేవారని, అన్ని కులాల పిల్లలూ ఆ వరసలో ఉండేవారని నేను అనను. కానీ బడే నడిచి ఇంటి ముందుకు వచ్చేది. ఇల్లాలు దోసిట్లో పప్పుబెల్లాలు పోస్తూ ‘నువ్వు ఎవరి పిల్లాడివిరా’ అని అడిగేది. ఆ ఒక్క పలకరింపు చాలు, ఆ పిల్లాడు ఊళ్లో ఇంకో మనిషికి తెలిసినవాడయ్యేవాడు.

అలాంటి పండగ ఇప్పుడు ఎక్కడైనా మిగిలిందా అంటే, అంగన్‌వాడీలో మిగిలిందంటాను. 1975 అక్టోబరు 2న మొదలై ఈ అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకానికి, 2018లో వచ్చిన పోషణ్ అభియాన్ ఒక మంచి అలవాటు చేసింది. నెలకు రెండుసార్లు కేంద్రంలో జనాన్ని కూర్చోబెట్టి ఏదో ఒక వేడుక చేయాలి. గర్భిణులకు సీమంతం, ఆరు నెలలు నిండిన బిడ్డలకు అన్నప్రాసన, మూడేళ్ల పిల్లల్ని బడిలో చేర్చుకోవడం. ఈ చివరిదాన్ని మనవాళ్లు పలకా బలపంతో అక్షరాభ్యాసం చేసేశారు.

అన్నప్రాసన చూడండి. చాప మీద పుస్తకం, పెన్ను, రూపాయి నోటు, అరటిపండు పెడతారు. పిల్ల పండు పట్టుకుంటే నవ్వులు, నోటు పట్టుకుంటే ఇంకా పెద్ద నవ్వులు. తర్వాత టీచరు పప్పూ ఆకుకూరా మెత్తగా మెదిపి, చుక్క నూనె వేసి, చెంచాతో తీసి వంచి చూపిస్తుంది. జారిపోకూడదు. జారిందంటే బిడ్డ కడుపులోకి పోయేది నీళ్లే. ‘మేమంతా గంజి తేట తాగే పెరిగాం’ అంటుంది ఒక నాయనమ్మ. ఆమెకు జవాబు చెప్పేది టీచరు కాదు, పక్కింటి కోడలు. అక్కడ చూడ్డానికి వచ్చినవాళ్లు లేరు. చాప పరిచినవాళ్లు, పిల్లను ఎత్తుకున్నవాళ్లు, వాదన పెట్టుకున్నవాళ్లే ఉంటారు.

ఆ పప్పు వండిందెవరు అన్నది ఇంకో సంగతి. ఆయా దళితురాలైతే తినడానికి వెనకాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి. సీమంతానికి వచ్చి గాజులు తొడిగించుకుని, భోజనాల వేళకు ‘ఇంట్లో పనుంది’ అని లేచేవాళ్లున్నారు. అందుకే సీమంతమంటే గాజులు కాదు, భోజనం అంటాను. పదిమందిలో పక్కపక్కన కూర్చుని తిన్నాక రేపు పిల్లను పంపకపోవడానికి సాకు వెతుక్కోవాలి.

ఇంత పనికి సర్కారు పెట్టిన ఖర్చు వేడుకకు 250 రూపాయలు. పూలు, గాజులు, పండ్లు కొనేసరికి టీచరు సొంత పర్సు తీయాల్సిందే. పైగా ఫొటో తీసి ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. ఫొటో ఎక్కితే వేడుక జరిగినట్టు. ఈ ఒక్క రోగం మాత్రం ప్లేస్కూలుకూ అంగన్‌వాడీకీ సమానంగా అంటుకుంది.

వేళ కూడా చూడాలి. మిరపకోతల కాలంలో పొద్దున పదకొండింటికి పిలిస్తే ఏ తల్లి వస్తుంది? తండ్రి మాట సరేసరి. తండ్రుల కోసమే పెట్టమన్న సమావేశంలోనూ నాయనమ్మలే కనపడతారు. సాయంత్రం ఆరింటికి పెడితే ఒకరిద్దరు మగవాళ్లయినా వచ్చి కూర్చుంటారు. మరి టీచరునూ ఆయానూ అంతసేపు ఉండమన్నప్పుడు వాళ్ల జీతం మాటా రావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు వాళ్లు సమ్మెలో కూర్చున్నది జీతం కోసం, గ్రాట్యుటీ కోసం.