కొండ సైకిలు, ఇంటి మీద సోలారు

మేము శ్రీ సిటీలో సరదాకి సైకిలు తొక్కేవాళ్ళం, పందేలకు పోము. వరదయ్యపాళెం మీదుగా ఉబ్బలమడుగు వైపు కొండ సైకిళ్ళ మీద వెళ్ళివస్తుంటాం. ఇంటి మీద సోలారు ప్యానెళ్ళూ పెట్టించుకున్నాం. రెండూ మంచివే. అయితే కొనేముందు, కష్ట సమయంలో ఇది ఏం చేస్తుందని అడగాలని మా అభిప్రాయం.

వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదిలించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దానికి మామూలు సైకిలు, ఊరి రోడ్డు చాలు. కొండదారికైతే మంచి బ్రేకులు, హెల్మెట్ కావాలి. దిగేటప్పుడు ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టేస్తే మనిషి హ్యాండిల్ మీదుగా పడతాడు. ఇన్సులిన్ వాడేవారు జేబులో గ్లూకోజు లేకుండా బయల్దేరరాదు. ఇంటికొచ్చాక కూడా షుగర్ పడిపోవచ్చు.

సోలారు సంగతి ఇంకా ముఖ్యం. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ. బిల్లు తగ్గుతుంది, సంతోషమే. కానీ బ్యాటరీ లేని మామూలు ఏర్పాటు కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. లైన్ బాగుచేసే మనిషికి షాకు కొట్టకూడదని అలా చేశారు. ఇది తెలియక, దేవుడిచ్చిన ఎండ ఉందిగా అని ధీమాగా ఉండేవారు మనలో ఉన్నారు. ఇంట్లో ఆక్సిజన్ మిషను మీద పెద్దవారుంటే రాయితీ కన్నా ముందు బ్యాటరీ గురించి అడగండి. ఫ్రిజ్ ఆగితే ఇన్సులిన్‌ను తడవకుండా కవరులో చుట్టి, తడి ఇసుకలో దించిన మట్టికుండలో, నీడపట్టున ఉంచవచ్చు. ఆక్సిజన్ మిషనుకు అలాంటి ఉపాయం లేదు, నిండు సిలిండరు ఒకటి ఇంట్లో ఉండాల్సిందే.