పైకం హక్కుదారుకు చేరిందా?

జకాత్ విషయంలో ఉలమా చెప్పే నియమం ఒకటి మనందరికీ తెలుసు. సంచిలోంచి పైకం తీసి పక్కన పెట్టినంత మాత్రాన బాధ్యత తీరదు, అది హక్కుదారు చేతికి అందాలి. విద్య మీద ప్రభుత్వం పెట్టే ఖర్చునూ ఈ కొలతతోనే చూడాలి. బడ్జెట్‌లో ఎన్ని కోట్లు చూపారని కాదు, పేదవాని బిడ్డకు ఏం అందిందని అడగాలి.

అసలేమీ అందలేదనడం అన్యాయం. 2008 నుంచి అమలైన ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీడీ కార్మికుల పిల్లలు కూడా ఇంజనీరింగ్ కాలేజీ గడప తొక్కారు. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు 204కు పెరిగాయి. మన సిద్దిపేటలోనే ఇందిరానగర్ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సీటు కోసం తల్లిదండ్రులు బారులు తీరారు. సర్కారు బడి బాగుంటే పేదలు తప్పక వస్తారనడానికి అదే సాక్ష్యం.

అయితే గురుకులంలో ప్రవేశం ఐదో తరగతి నుంచి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పది పాసైన తర్వాత. మూడో తరగతిలోనే చదువు మాని మెకానిక్ షెడ్డులో చేరిన పిల్లవానికి వీటిలో ఒక్క పైసా దక్కదు. 6-14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ తేల్చింది. మదర్సాలో చదువుతున్నది నూటికి ముగ్గురేనని కూడా ఆ కమిటీయే చెప్పింది. కాబట్టి మన పిల్లల భవిష్యత్తు ప్రాథమిక పాఠశాల మీదే ఆధారపడి ఉంది.

ఎనిమిదో తరగతి వరకు చదువు ఎలాగూ ఉచితమేనంటూ 2022లో కేంద్రం ఆ తరగతుల మైనారిటీ స్కాలర్‌షిప్ నిలిపివేసింది. ఉచితమే, కానీ చెప్పే పంతులు ఉండాలి కదా! ఉర్దూ మీడియంలో ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన పోస్టులు ఉర్దూ చదివిన అభ్యర్థులు లేక ఖాళీగా మిగిలిపోతున్నాయి. రిజర్వేషన్ న్యాయమైనదే. అన్ని పోస్టులనూ ఆ వర్గాలకు తెలుగు మీడియంలో ఇచ్చి, ఇక్కడివి ఉర్దూ వచ్చినవారితో నింపితే ఎవరికీ నష్టం లేదు. మంజూరై భర్తీ కాని పోస్టు కాగితం మీది ఖర్చే, పిల్లవానికి అందిన చదువు కాదు.

ఇందులో మన బాధ్యత కూడా ఉంది. సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది స్త్రీలుండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. హోటల్లో చాయ్ తాగుతూ సర్కారును తిట్టుకునే బదులు, తల్లులూ తండ్రులూ బడికి వెళ్లి రెండు ప్రశ్నలు అడగాలి. ఇక్కడ ఎంతమంది టీచర్లు ఉండాలి? ఎంతమంది ఉన్నారు? ఆ జవాబును కాగితం మీద రాయించుకుని జిల్లా విద్యాధికారికి అందజేయాలి. అడగడం బిచ్చం కాదు. అది మన పిల్లల హక్కు.