మినహాయింపులో మొదట పోయేది తెలుగేనా?

అంచెట్టి వైపు పిల్లల నోట రోజుకు మూడు నాలుగు భాషలు దొర్లుతాయి. ఇంట్లో తెలుగు, పక్కింట్లో కన్నడం, బస్సులో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు. దేన్కనికోట దాటి అడవి దారిన కొండల్లోకి వెళ్లే ఈ ఊళ్లలో ఇది తరతరాల అలవాటు. మామూలుగా ఇది మన పిల్లలకు బలమే. అందరిలా అక్షరాలు పట్టుబడని పిల్లవాడో, పేరు పెట్టి పిలిచినా తల తిప్పని పాపో, పది నిమిషాలు ఒకచోట నిలవలేని పిల్లవాడో తరగతిలో ఉన్నప్పుడే మనకు చిక్కు వస్తుంది.

అప్పుడు మనం సాధారణంగా రెండు తప్పుల్లో ఒకటి చేస్తాం. "ఇన్ని భాషల మధ్య తికమక పడుతున్నాడు, పెద్దయితే సర్దుకుంటాడులే" అని వదిలేస్తాం. లేదంటే "వీడికి చదువు అబ్బదు" అని తేల్చేస్తాం. మొదటి తప్పు వల్ల రెండు మూడు విలువైన ఏళ్లు పోతాయి. రెండో తప్పు వల్ల పిల్లవాడే బడికి దూరమవుతాడు. వీటికి తోడు మూడో తప్పు ఒకటి ఉంది. పిల్లవాడికి ఇబ్బంది ఉందని తెలియగానే "ముందు తెలుగు మాన్పించండి, భారం తగ్గుతుంది" అనే సలహా అది. అది మంచి మనసుతో చెప్పే మాటే. ఎక్కువ నష్టం చేసేదీ అదే.

చట్టం ఏం చెబుతోంది

ఆటిజం, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఉన్నాయి. ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు పొందిన విద్యాసంస్థలన్నీ ఈ పిల్లలను మిగతావారితో కలిపి చదివించేలా చూడాలని ఆ చట్టంలోని 16వ సెక్షన్ అంటోంది. అభ్యసన వైకల్యాన్ని వీలైనంత తొందరగా గుర్తించి, తగిన బోధన అందించాలని కూడా చెబుతోంది. మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్ల వయసులో గానీ, ఏది ముందైతే అప్పుడు, టీచర్లే తొలి పరిశీలన చేయాలని 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు పేర్కొన్నాయి.

ఇక్కడ మన బడులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. మైనారిటీ బడులకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం వెలిబుచ్చి, పెద్ద ధర్మాసనం చూడాలని కోరింది. అది ఎలా తేలినా వికలాంగుల హక్కుల చట్టం వేరు. గుర్తింపు ఉన్న బడి "మాది మైనారిటీ బడి" అని దాని నుంచి తప్పుకోలేదు.

ప్రత్యేక విద్య టీచర్ల మాటకు వస్తే, ప్రాథమిక స్థాయిలో అవసరమున్న ప్రతి 10 మంది పిల్లలకు ఒకరు, ఆపై స్థాయిలో 15 మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో నిర్దేశించింది. ఆ పోస్టులను మంజూరు చేసి నోటిఫై చేయాలని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్లీ ఆదేశించింది. అయితే ఆ టీచరుకు పిల్లవాడి భాష రావాలన్నది ఈ లెక్కల్లో ఎక్కడా లేదు. మన బెంగ అక్కడే.

తికమకా, ఇబ్బందా?

భాష తెలియని మనిషి పిల్లవాడిని ఎలా పొరపాటుగా అంచనా వేయగలడో ఒక చిన్న ఉదాహరణతో చూద్దాం. మన పిల్లవాడు "బడి" అని రాయబోయి "పడి" అని రాశాడు. అది అభ్యసన వైకల్యమేనా? కాకపోవచ్చు. తమిళ లిపిలో ప, బ లకు ఒకటే అక్షరం. క, గ లకూ అంతే. తమిళం, తెలుగు పక్కపక్కనే నేర్చుకునే పిల్లవాడికి ఆ తేడా రాతలో కుదురుకోవడానికి సమయం పడుతుంది. అలాగే తమిళంలో ఎత్వపు గుర్తు అక్షరానికి ముందు వస్తుంది, తెలుగులో తలమీద కూర్చుంటుంది. తమిళంలో పొల్లుచుక్క పెట్టి పక్కనే రాసే హల్లును మనం కింద ఒత్తుగా రాస్తాం. ఈ పొరపాట్లు తరగతిలో చాలామంది చేస్తూ ఉండి, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంటే అది భాషల ప్రభావమే.

మరి ఎప్పుడు ఆగి చూడాలి? మిగతా పిల్లలు దాటిపోయిన చోటే ఒక పిల్లవాడు ఏడాదిగా నిలిచిపోతే. నిన్న గుర్తుపట్టిన అక్షరాన్ని ఇవాళ గుర్తుపట్టలేకపోతే. నోటితో కథ చక్కగా చెప్పి, అదే కథ చదవమంటే చెమటలు పడితే. "పలక" అన్న మాటను ప-ల-క అని విడగొట్టమన్నప్పుడు చెవికే అందకపోతే. ఈ ఇబ్బంది తెలుగులోనూ, తమిళంలోనూ, ఇంగ్లీషులోనూ కనిపిస్తే అది ఏ ఒక్క భాష నేర్పిన తీరు వల్లా వచ్చింది కాదు. అప్పుడు నిపుణుల దగ్గరకు పంపాలి.

అందుకే పరీక్ష పిల్లవాడికి బాగా వచ్చిన భాషలో జరగాలి. డిస్లెక్సియాను భారతీయ భాషల్లోనే పరీక్షించే 'డాలి' సాధనాన్ని మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు భాషల్లో తెచ్చింది. ఇంగ్లీషు పరీక్షను అనువదిస్తే చాలదు, ఆ భాష లిపికి తగ్గట్టు కొత్తగా తయారుచేయాలన్న సూత్రం దాని వెనుక ఉంది. తమిళంలో పరీక్షించి తెలుగు పిల్లవాడికి ముద్ర వేయడం ఆ సూత్రానికి విరుద్ధం.

మాంటిస్సోరి పద్ధతి ఇక్కడెందుకు

భాషతో పని తక్కువగా, చేతులతో పని ఎక్కువగా ఉండే తరగతిలో ఇలాంటి పిల్లవాడిని గమనించడం సులువు. మాంటిస్సోరి తరగతి అలాంటిదే. మన దగ్గర ఆ పేరు ఫీజుల బడి బోర్డుగా మారిపోయింది గానీ, ఆ పద్ధతి పుట్టిందే ఈ పిల్లల మధ్య. డాక్టర్ మరియా మాంటిస్సోరి 1900 ప్రాంతంలో రోమ్‌లో మానసిక ఎదుగుదల మందగించిన పిల్లల బడిలో పనిచేశారు. ఆ పిల్లల్లో కొందరు మామూలు పిల్లలతో పాటు పరీక్షలు నెగ్గినప్పుడు, మామూలు బడి ఆరోగ్యవంతులైన పిల్లలను ఎక్కడ ఆపేస్తోందన్న ప్రశ్న ఆమెకు కలిగింది. 1907లో సాన్ లోరెంజో పేటలో తెరిచిన 'పిల్లల ఇల్లు' ఆ తర్వాతి అడుగు. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి, టీచర్లకు శిక్షణ ఇచ్చారు.

ఇంకో దారిలోనూ ఇది మనకు దగ్గరిదే. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం, ఒకే టీచరు అన్ని తరగతులూ చూసే పల్లె బడుల కోసం, ప్రతి పిల్లవాడూ తన వేగంతో మెట్టు మెట్టుగా ఎక్కే కార్డుల పద్ధతిని తెలుగులో తయారుచేసింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు పదమూడింటిలో మొదలై తర్వాత తమిళనాడు అంతటా పాకిన కృత్యాధార బోధనకు రిషివ్యాలీ పద్ధతి, మాంటిస్సోరి పరికరాలు రెండూ ప్రేరణ. 2022లో మొదలైన 'ఎణ్ణుం ఎళుత్తుం' కూడా పిల్లలను వయసును బట్టి కాక, వచ్చినదాన్ని బట్టి జట్లుగా చేస్తుంది. కాబట్టి "ఇది మనకు పరాయిది, ఖరీదైనది" అనుకోనక్కర్లేదు.

ఖర్చు మాట చూద్దాం. పప్పుగింజలను ఒక గిన్నెలోంచి మరో గిన్నెలోకి ఒలకకుండా పోయడం, చింతగింజలను పదేసి కుప్పలుగా పెట్టడం, అట్టమీద గరుకు కాగితంతో అంటించిన 'అ' ని వేలితో దిద్దడం: వీటికి కావలసినవి ఇంట్లో, ఊరి అంగడిలో దొరికేవే. అక్షరాన్ని కంటితో మాత్రమే పట్టుకోలేని పిల్లవాడికి వేలి స్పర్శ రెండో దారి చూపిస్తుంది. ప, వ లు, మ, య లు, ద, ధ, డ లు కలగలిసిపోయే మన లిపిలో ఆ రెండో దారి చాలా అవసరం.

మూడు మెట్ల పాఠం కూడా అలాంటిదే. మొదట "ఇది క" అని చూపిస్తాం. తర్వాత "క ఏది? చూపించు" అంటాం. చివరికి "ఇది ఏమిటి?" అని అడుగుతాం. మన తరగతుల్లో మనం చాలాసార్లు మొదటి మెట్టు నుంచి నేరుగా మూడోదానికి దూకుతాం. మాట రాని పిల్లవాడు, బెదిరే పిల్లవాడు అక్కడ మూగబోతారు. రెండో మెట్టులో నిలబడితే నోరు మెదపని పాప కూడా వేలు పెట్టి చూపిస్తుంది. పాపకు తెలియదనుకున్నది తెలుసని అప్పుడు మనకు తెలుస్తుంది.

స్వేచ్ఛ ఒక్కటే చాలదు

ఈ పద్ధతిలోకి తెస్తే చాలు, అన్నీ చక్కబడతాయని అనుకోవడమూ పొరపాటే. "నీకు ఇష్టమైన పని తీసుకో" అన్న మాట ఆటిజం ఉన్న పిల్లవాడికి భయం కలిగించవచ్చు. ఏం చేయాలో, ఎంతసేపో, తర్వాత ఏమిటో బొమ్మల వరుసగా గోడమీద కనిపిస్తే కుదుటపడతాడు. నిలకడలేని పిల్లవాడికి అలమరలో ముప్పై వస్తువులు ఉంటే ఏదీ పూర్తికాదు, రెండు పెడితే ఒకటి పూర్తవుతుంది. చప్పుడు భరించలేని పాపకు గదిలో ఒక మూల చాప, అక్కడికి వెళ్లే అనుమతి ఉండాలి. ఎవరూ అడగకముందే లేచి తిరగడానికి నీళ్ల కుండ నింపే పని ఒకటి ఇస్తే, శిక్ష వేయాల్సిన పిల్లవాడే తరగతికి పనికొచ్చేవాడవుతాడు.

ఈ చివరి పిల్లవాడి గురించి ఇంకొక మాట. ఏడీహెచ్‌డీ ఆ 21 వైకల్యాల జాబితాలో పేరుతో లేదు. అందుకని అది ఒక్కటే ఉన్న పిల్లవాడికి సర్టిఫికెట్ దారి ఇరుకు. అతనికి మనం ఇచ్చే తరగతే దిక్కు. కాగితం వచ్చేదాకా సాయం ఆపకూడదని చెప్పడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఏ భాష వదలాలి?

ఇప్పుడు అసలు చిక్కు. వైకల్యం ఉన్న విద్యార్థులకు పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటి సవరణలు చేయాలని అదే చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది. మంచి నిబంధన. కానీ తమిళనాడులో భాషల వరుస చూడండి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ప్రకారం తమిళం మొదటి భాగం, ఇంగ్లీషు రెండో భాగం, మిగతా పాఠాలు మూడోది. మాతృభాష నాలుగో భాగం, అదీ ఐచ్ఛికం. తమిళ పరీక్ష నుంచి మైనారిటీ భాషల విద్యార్థులకు ఊరట కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పొడిగించిన మినహాయింపు కూడా ఒక్క ఏడాదికే.

ఈ వరుసలో ఒక భాష తగ్గించాలంటే చేయి ముందుగా దేని మీద పడుతుంది? ఇంగ్లీషు వదలడానికి తల్లిదండ్రులకు మనసొప్పదు. తమిళం వదలడానికి నిబంధన ఒప్పదని చెబుతారు. మిగిలింది తెలుగు. పిల్లవాడికి అందరికన్నా బాగా అర్థమయ్యే భాషే, భారమని పేరు పెట్టుకుని బయటికి పోతుంది. ఆ భాష నుంచి మినహాయించాలని చట్టం ఎక్కడా అనలేదు. అలవాటు అంటోంది, అంతే.

ఇంట్లో రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాటలు ఆలస్యమవుతాయన్న అనుమానాన్ని ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలు సమర్థించలేదు. అమ్మమ్మ పలకరింపు, నాన్న జోకు, ఊళ్లో పెళ్లి మాటలు అన్నీ తెలుగులో సాగే ఇంట్లో ఆ పిల్లవాడితో మాత్రం వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడితే, అతనికి ఉన్న కాస్త పరిచయ లోకమూ కుంచించుకుపోతుంది.

ఈ ఏడాది మనం చేయగలిగినవి

తరగతి టీచరు ప్రతి వారం రెండు వాక్యాలు రాసి ఉంచితే చాలు: పిల్లవాడు ఏ పని తనంతట తాను ఎంచుకున్నాడు, ఎక్కడ ఆగాడు, ఏ భాషలో ఆగాడు. ఆరు నెలల ఆ నోటు పుస్తకం నిపుణుడికి ఎంతో విలువైన సాక్ష్యం. బెంగళూరు నిమ్హాన్స్ మనకు చెన్నైకన్నా దగ్గర, తెలుగు వచ్చినవాళ్లు దొరికే చోటు కూడా. అక్కడికి వెళ్లినా, జిల్లా ఆసుపత్రికి వెళ్లినా "మా వాడిని తెలుగులో కూడా చూడండి" అని అమ్మానాన్నలు అడగాలి. సర్టిఫికెట్‌కు మాత్రం మన రాష్ట్రం పద్ధతే పాటించాలి కాబట్టి రెండు చోట్ల కాగితాలూ జాగ్రత్త చేయాలి.

బడి యాజమాన్యాలు, తల్లిదండ్రుల సంఘాలు కలిసి విద్యాశాఖ ముందు రెండే విషయాలు పెట్టాలి. బ్లాక్ వనరుల కేంద్రం నుంచి మన బడులకు వచ్చే ప్రత్యేక టీచర్లలో ఒకరికైనా తెలుగు రావాలి. భాషా మినహాయింపు ఏ భాషకన్నది తల్లిదండ్రులు, టీచరు, నిపుణుడు కలిసి రాతపూర్వకంగా తేల్చాలి. తొలి ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం మైనారిటీ పిల్లలందరికీ మాట ఇచ్చింది. అక్షరం తడబడే పిల్లవాడు ఆ "అందరి"లో లేడని ఎవరూ అనలేదు. మనం కూడా అనకూడదు.