ఎందుకని అడగనివ్వండి

అమెరికాలో పిల్లలకి సంస్కృతి నేర్పేస్తున్నామని మనం తెగ సంబరపడిపోతున్నాం. ఆదివారం తెలుగు క్లాసులో వేమన పద్యం బట్టీ పట్టించి, ఉగాదికి స్టేజీ ఎక్కించి, వీడియో తీసి ఇండియాలో ఉన్న అమ్మమ్మకి పంపిస్తే మన బాధ్యత తీరిపోయినట్టే! ఇందులో పిల్లలు నేర్చుకున్నది మైకు ముందు నిలబడటం ఒక్కటే.

సోమవారం బడిలో టీచరు అడిగేది వేరు. "మీ ఇంట్లో పెద్దవాళ్ళని ఇంటర్వ్యూ చెయ్యి, మీ పండగ ఎందుకు చేసుకుంటారో కనుక్కుని రా" అంటుంది. పిల్ల ఆ ప్రశ్న పట్టుకుని ఇంటికొస్తే మన దగ్గరున్న జవాబులు రెండే. "మన ఆచారం, అంతే." లేదా, "దీని వెనకాల సైన్సుంది." రెండోది మరీ ప్రమాదం. తెలియదని ఒప్పుకోలేక అప్పటికప్పుడు అల్లే సైన్సు అది.

సంక్రాంతినే తీసుకోండి. ఆ రోజు సూర్యుడు ఉత్తరానికి తిరుగుతాడని చెబుతాం. పగలు డిసెంబరు 21 తర్వాతనుంచే పెరుగుతోంది కదా అని ఐదో క్లాసు కుర్రాడు అడిగితే కసురుకుంటాం. వాడన్నది నిజం. మన పంచాంగం సూర్యుణ్ణి నక్షత్రాలతో పోల్చి లెక్క కడుతుంది. భూమి అక్షం మెల్లగా దిశ మారుతుంటుంది గనక, సుమారు 70 ఏళ్ళకి ఒక రోజు చొప్పున ఆ రెండూ దూరం జరిగాయి. దాదాపు 1700 ఏళ్ళ కిందట అవి కలిసే వచ్చేవి. కసిరే బదులు ఓ పూట కూర్చుని ఆ లెక్క వేయించి చూడండి. మన పూర్వులు ఆకాశాన్ని ఎంత శ్రద్ధగా చూశారో వాడు జన్మలో మరిచిపోడు.

ప్రశ్న మనకి పరాయిదేం కాదు. ఆరుగురు శిష్యులు పిప్పలాదుణ్ణి అడిగిన ప్రశ్నలే ప్రశ్నోపనిషత్తు. మనం బట్టీ పట్టిస్తున్న వేమన పద్యాల్ని రాతప్రతులు పోగుచేసి, పోల్చి చూసి, 1829లో అచ్చువేయించిన బ్రౌన్ దొరది కూడా అడిగి తెలుసుకునే బుద్ధే.

మన అసలు భయం వేరు. ప్రశ్నలు ఉగాది పచ్చడి దగ్గర ఆగవు. నాయనమ్మని బడికెందుకు పంపలేదు? పాలేరు గ్లాసు చూరులో ఎందుకుండేది? అక్కడిదాకా వస్తాయి. రానివ్వండి. మన ఇళ్ళలో జరిగినవాటికి పిల్లల నోరు నొక్కడం ఏం న్యాయం?

పద్యాలు నేర్పండి, ఎవరు కాదన్నారు? దాంతోపాటు ఓ నోటుబుక్కు ఇవ్వండి. వారానికో ప్రశ్న తాతయ్యనో అమ్మమ్మనో ఫోన్లో అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసుకోమనండి. ఇద్దరూ రెండు రకాలుగా చెబితే మరీ మంచిది, మూడో మనిషిని అడుగుతారు. పద్యం వచ్చే ఏడాదైనా నేర్పుకోవచ్చు. జవాబు చెప్పేవాళ్ళు డెబ్భైలు దాటారు.