నగరానికి కవల

కోయంబత్తూరులో భూకంపమేమిటి అనకండి. 1900 ఫిబ్రవరి 8న తెల్లవారకముందే వచ్చింది. తీవ్రత సుమారు 6. దక్షిణదేశంలో చాలాదూరం తెలిసిందట.

ఈ కాలంలో కంప్యూటరులో నగరానికొక కవలను కడుతున్నారు. డిజిటల్ ట్విన్ అంటారు. (జంటనగరాలనగానే హైదరాబాదు, సికిందరాబాదు అనుకునేరు!) జపాను ప్రభుత్వం ప్లాటో పేరిట 2020లో ఈ పని ఆరంభించింది. ఇళ్లు, వీధులు, నేల తీరు అందులో ఎక్కించి, ఉత్తుత్తి భూకంపం రప్పించి, ఏ గోడ కూలుతుందో, ఏ సందులో అంబులెన్సు ఆగిపోతుందో ముందే చూడవచ్చు.

బాగానే ఉంది. గుమాస్తాను గదా, నాకొక సందేహం. కాగితంలో లేనిది ఆ కవలకెట్లా తెలుస్తుంది? మా యింటి ప్లానులో ఉన్నవి రెండంతస్తులే. మూడవది నాన్నగారు తర్వాత వేయించారు, ఏ ఆఫీసులోనూ చెప్పలేదు. పిల్లలు పడుకునేది అక్కడే.