పిన్ని సీరియల్ ఎవరిది?

రాధిక అనగానే మనలో సగంమందికి 'స్వాతిముత్యం'లో లలిత గుర్తొస్తుంది. మిగతా సగంమందికి ఇంట్లో అమ్మావాళ్ళు పని ఆపి మరీ చూసిన 'పిన్ని' గుర్తొస్తుంది. నన్నడిగితే ఆవిడ చేసిన అన్నిటికన్నా పెద్ద పని ఈ రెండూ కావు. 1994లో రాడాన్ అని సొంతంగా ఒక టీవీ సంస్థ పెట్టుకోవడం. సినిమావాళ్ళ గురించి మనం పేజీలకి పేజీలు రాసుకుంటాం కానీ, సీరియళ్ళ మాటెత్తితే ఏడుపుల మీద, అత్తాకోడళ్ళ మీద రెండు జోకులేసి ఊరుకుంటాం. ఆ వెనకున్న వ్యాపారం గురించి ఎవరూ మాట్లాడరు. అందుకే ఈ టపా.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. ఆవిడ 1978లో భారతీరాజా తమిళ సినిమాతో వచ్చింది. మనకి 1981లో 'న్యాయం కావాలి', 1986లో 'స్వాతిముత్యం'. ఆ 'న్యాయం కావాలి'లో తనని మోసం చేసినవాణ్ణి కోర్టుకి లాగే పాత్ర. డి. కామేశ్వరి గారి నవల ఆధారంగా తీసిన సినిమా అది. అంత బలమైన పాత్ర తెలుగులో హీరోయిన్లకి తర్వాత ఎన్నిసార్లు దొరికిందో మీరే లెక్కేసుకోండి. తొంభైలు వచ్చేసరికి ముప్ఫై దాటిన హీరోయిన్‌కి మన పరిశ్రమలో మిగిలేవి అక్క, వదిన, ఆ పైన అమ్మ. ఆ సినిమాలో ఆవిడ పక్కన నటించిన చిరంజీవి మాత్రం తర్వాత ఇరవై ఏళ్ళకీ హీరోయే. ఇది ఆయన తప్పని అనను, పరిశ్రమ లెక్కలే అంత.

1999లో సన్ టీవీలో 'చిత్తి' మొదలయ్యేటప్పటికి రాధికకి 37 ఏళ్ళు. సినిమాలో ఆ వయసు ఆడమనిషి కథకి పక్కన ఉంటుంది. ఇక్కడ కథంతా ఆవిడ చుట్టూ తిరుగుతుంది, పైగా తీసేది కూడా ఆవిడే. అదే మనకి జెమినిలో 'పిన్ని' అయింది. తర్వాత తమిళంలో 'అణ్ణామలై', 'సెల్వి', 'అరసి', 'చెల్లమే', 'వాణి రాణి'... 2018 దాకా దాదాపు వరసగా ఏదో ఒకటి నడుస్తూనే ఉంది. సినిమా హీరోయిన్ కెరీర్ పదేళ్ళు నడిస్తే అదృష్టం అనుకునే చోట, ఈ రెండో ఇన్నింగ్స్ ఒక్కటే రెండు దశాబ్దాలన్నమాట.

ఇది నటన వల్ల మాత్రమే జరగలేదు. అప్పటి సన్ టీవీ పద్ధతిలో నిర్మాత ఛానల్ దగ్గర స్లాటు కొనుక్కునేవాడు. ఇంత అని ప్రసార రుసుము కట్టేవాడు. బదులుగా ఆ అరగంటలో కొన్ని నిమిషాల ప్రకటనల సమయం అతని చేతికొచ్చేది. వాటిని అమ్ముకుని ఖర్చులు, లాభం రాబట్టుకోవాల్సి ఉండేది. దూరదర్శన్ రోజుల స్పాన్సర్డ్ కార్యక్రమాలు కూడా ఇంచుమించు ఇలాగే నడిచేవి. సీరియల్ ఆడకపోతే ప్రకటనలు వచ్చేవి కావు, రుసుము మాత్రం కట్టాల్సి వచ్చేది. అంటే నష్టం పూర్తిగా నిర్మాతదే. కానీ ఆడితే ఆ లాభమూ, ఆ సీరియల్ మీద హక్కూ కూడా నిర్మాతవే. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కూడా పాత 'చిత్తి'ని యూట్యూబ్‌లో పెట్టుకోగలిగింది, 2020లో రెండో భాగం తియ్యగలిగింది.

ఇదే పని అమెరికాలో లూసిల్ బాల్ యాభైల్లోనే చేసి చూపించింది. 1951లో 'ఐ లవ్ లూసీ' మొదలైనప్పుడు సీబీఎస్ వాళ్ళు న్యూయార్క్ నించి లైవ్‌లో చెయ్యమన్నారు. ఆవిడా, భర్త డెసీ ఆర్నాజ్ మేం హాలీవుడ్ వదలం, ఫిల్మ్ మీదే తీస్తాం అన్నారు. ఫిల్ముకి ఖర్చెక్కువ కదా, అందుకని తమ జీతం తగ్గించుకుని, బదులుగా ఆ ఎపిసోడ్ల మీద హక్కు అడిగారు. ఒకసారి చూసిన ఎపిసోడ్ మళ్ళీ ఎవడు చూస్తాడు అనుకునే రోజులవి. తర్వాత ఆ ఎపిసోడ్లనే సీబీఎస్ లక్షల డాలర్లు పోసి కొనుక్కుంది. 1957లో వాళ్ళిద్దరూ ఏకంగా ఆర్‌కేఓ స్టూడియోనే కొన్నారు. విడాకుల తర్వాత 1962లో భర్త వాటా కూడా ఆవిడే కొనేసి, సంస్థని తనే నడిపింది. 'స్టార్ ట్రెక్' ఆ సంస్థలోంచి వచ్చిందే.

ఇంతవరకూ పొగిడాను కాబట్టి రెండోవైపు కూడా చెప్పాలి. రాధిక హక్కు ఆవిడ చేతిలో ఉండబట్టే 'పిన్ని' మన దగ్గరికి అంత సులువుగా వచ్చింది. డబ్బింగ్ సీరియల్‌కి ఇక్కడ సెట్టు వెయ్యక్కర్లేదు, నటులకి రోజుకూలీ ఇవ్వక్కర్లేదు. మాటలు రాసేవాళ్ళు, గొంతు ఇచ్చేవాళ్ళు ఉంటే చాలు. అలా వచ్చిన ప్రతి అరగంటా హైదరాబాదులో ఒక యూనిట్‌కి పోయిన పనే. మన టీవీ కళాకారులు డబ్బింగ్ సీరియళ్ళు వద్దని రోడ్డెక్కింది ఊరికే కాదు. వాళ్ళ కోపం న్యాయమైనదే. కానీ డబ్బింగ్ తగ్గినంత మాత్రాన వాళ్ళ బతుకు మారుతుందా అన్నది నా అనుమానం.

ఎందుకంటే అసలు మార్పు ఇంకోచోట జరిగింది. 2005లో జీ తెలుగు వచ్చింది, 2015లో మాటీవీని స్టార్ కొనుక్కుంది. ఇలాంటి పెద్ద నెట్‌వర్కుల పద్ధతిలో ఛానలే ఎపిసోడ్‌కి ఇంత అని ఇచ్చి తీయిస్తుంది. నిర్మాతకి నష్టభయం తగ్గింది, నిజమే. దాంతోపాటు హక్కూ పోయింది. 'కార్తీక దీపం' చూడండి. మలయాళంలో 'కరుత్తముత్తు', మనకి 'కార్తీక దీపం', తమిళంలో 'భారతి కణ్ణమ్మ'. మూడూ ఒకే నెట్‌వర్కు ఛానళ్ళు. వంటలక్కగా ప్రేమీ విశ్వనాథ్ తెలుగిళ్ళల్లో ఇంటిమనిషి అయిపోయింది. కానీ కథ ఏ భాషలోకి వెళ్ళాలో తేల్చేది నెట్‌వర్కే. దాన్ని మోసిన నటికి అందులో ఉన్నది రోజు లెక్కన పారితోషికం.

ఇందుకు ఎదురుగా 'అమృతం' ఉంది. గుణ్ణం గంగరాజు గారి జస్ట్ ఎల్లో సంస్థ 2001 నించి తీసిన సీరియల్. దాని హక్కు తీసినవాళ్ళ దగ్గరే ఉండిపోయింది కాబట్టి యూట్యూబ్‌కెక్కింది, 2020లో 'అమృతం ద్వితీయం' కూడా వచ్చింది. ఛానల్ దగ్గరే ఉంటే ఏ గదిలోనో టేపులు బూజు పట్టేవేమో.

ఇదంతా ఒక సాఫ్ట్‌వేర్‌వాడికెందుకు అంటారా? మా ట్రాయ్‌లో బిగ్ బీవర్ రోడ్డు పొడుగునా ఉన్న ఆఫీసుల్లో నాలాంటి తెలుగువాళ్ళు ఎంతోమంది ఉన్నారు. రాసిన కోడ్ ఏదీ మాది కాదు, చేరిన రోజే సంతకం పెట్టేశాం. హెచ్1బి మీద ఉన్నవాడికి సొంత కంపెనీ మాట అంత తేలికా కాదు. నెల తిరిగేసరికి జీతం పడుతుంది, నిజం చెప్పాలంటే నాకది ఇష్టమే. అందుకే రిస్కు తీసుకోనివాళ్ళని నేనేమీ అనను. కానీ మాకు నలభై దాటినా ఉద్యోగం ఉంటుందన్న ఆశ ఉంది. టీవీ నటికి ఆ ఆశ కూడా లేదు. ముఖం మారితే పాత్ర మారుతుంది, పాత్ర మారితే రేటు మారుతుంది.

అందరూ రాధికలు కాలేరు. స్లాటు కొనడానికి డబ్బూ, పేరూ రెండూ కావాలి, ఆవిడకి రెండూ ఉన్నాయి. కానీ నిర్మాత కాకపోయినా వాటా అడగొచ్చు. పాటలు రాసేవాళ్ళకీ, స్వరాలు కట్టేవాళ్ళకీ రాయల్టీ మీద వదులుకోలేని హక్కు 2012లో కాపీరైటు చట్టం సవరించాకే వచ్చింది, అదీ ఏళ్ళ తరబడి పోరాడితే. మన టీవీ కళాకారుల సంఘాలు డబ్బింగ్ మీద పెట్టిన పట్టుదలలో సగం దీనిమీద పెట్టాలి. సీరియల్ యూట్యూబ్‌కెక్కితే మాకేంటి? ఓటీటీకి అమ్మితే మాకేంటి? ఈ రెండు ప్రశ్నలూ ఒప్పందం మీద సంతకం పెట్టకముందే అడగాలి.

శీతాకాలంలో ఇక్కడికొచ్చి, బయట మంచు, లోపల హీటరు మధ్య ఆరు నెలలు గడిపే మన అమ్మలకి తోడు ఆ సీరియళ్ళే. వాళ్ళు రోజూ చూసే ఆ ముఖాలకి, చూసిన ప్రతిసారీ ఒక్క పైసా అయినా చేరాలని కోరుకోవడం అత్యాశ కాదనుకుంటా.