బొగ్గు అయిపోయినా గని పనికొస్తుంది

నెదర్లాండ్స్‌లో ఆఖరి బొగ్గు గని 1974 డిసెంబరు 31న మూతపడింది. హీర్లెన్ పట్టణంలోని ఒరాంజ్-నసావ్ గని అది. పంపులు ఆపేశాక ఊటనీరు సొరంగాలను ముంచేసింది. గనుల మీదే బతికిన ఊరు ఉపాధి పోయి ఏళ్ల తరబడి కుంగిపోయింది. 2008లో అదే ఊరు మునిగిన గనుల నీటితో ఇళ్లను, కార్యాలయాలను చలికాలంలో వెచ్చగా, వేసవిలో చల్లగా ఉంచే పని మొదలుపెట్టింది. సింగరేణి బొగ్గు గనులున్న తెలంగాణ ఈ అనుభవాన్ని శ్రద్ధగా చదవాలి.

భూమిలోకి దిగేకొద్దీ వంద మీటర్లకు సుమారు 3 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. హీర్లెన్‌లో 700 మీటర్ల లోతు బోర్లలో నీరు 28 డిగ్రీలు, 250 మీటర్ల దగ్గర 16 డిగ్రీలు ఉంది. 28 డిగ్రీల నీటితో గది నేరుగా తగినంత వేడెక్కదు. అందుకే హీట్ పంపు కావాలి. ఫ్రిజ్ లోపలి వేడిని లాగి వెనకవైపు వదిలినట్టే, ఇది నీటిలోని వేడిని లాగి ఇంట్లోకి పంపుతుంది. దానికి అయ్యే కరెంటు కన్నా అది అందించే వేడి కొన్ని రెట్లు ఎక్కువ.

మొదట్లో అక్కడివాళ్లు గనిని తరగని వేడి నిధి అనుకుని తోడారు. అలాగే తోడుతూపోతే కొన్ని దశాబ్దాలకు నీరు చల్లబడిపోతుందని లెక్క తేలాక పద్ధతి మార్చారు. డేటా సెంటర్లు, సూపర్‌మార్కెట్లు బయటికి వదిలేసే వేడిని పక్క భవనాలకు ఇస్తారు. మిగిలింది గనిలో దాచి చలికాలంలో తీసుకుంటారు. హీర్లెన్ నేర్పిన అసలు పాఠం ఇదే: మునిగిన గనిని వేడిని దాచే గోదాముగా వాడుకోవాలి. 

ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్‌లో 2023 నుంచి 6 మెగావాట్ల హీట్ పంపు నడుస్తోంది. అక్కడి నీరు 150 మీటర్ల లోతులో 15 డిగ్రీలే, అయినా సరిపోతోంది. చిక్కులూ ఉన్నాయి. గని నీటిలో కరిగి ఉన్న ఇనుము గాలి తగలగానే తుప్పురంగు మడ్డిగా పేరుకుని పైపులను పూడ్చేస్తుంది. అందుకే నీటిని గాలి సోకకుండా పైకి తెచ్చి, వేడి తీసుకుని, తిరిగి గనిలోకే పంపుతారు. వేడిని వాడుకునే భవనాలు దగ్గర్లో లేకపోతే పైపుల ఖర్చు కూడా గిట్టదు.

మరి మన సంగతి? ఇల్లందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. అప్పటినుంచి గోదావరి లోయలో ఎన్నో బాయిలు (భూగర్భ గనులు) తెరుచుకుని మూతపడ్డాయి. మనకు కావలసింది చల్లదనం. కానీ మన నేల పైపొరలోనే ఏడాది సగటు 27, 28 డిగ్రీలు. గని నీరు దానికన్నా వెచ్చగానే ఉంటుంది కాబట్టి నేరుగా చల్లబరచదు. అయినా మే నెలలో 45 డిగ్రీల గాలిలోకి వేడిని నెట్టే ఏసీ కన్నా 30 డిగ్రీల నీటిలోకి నెట్టే ఏసీకి కరెంటు బాగా తక్కువ పడుతుంది. లాభం అక్కడుంది.

ఒక హెచ్చరిక కూడా ఉంది. హీర్లెన్‌లో వేసవిలో దాచిన వేడిని చలికాలం వాడేసుకుంటుంది. మనకు అలాంటి చలికాలం లేదు. వేడిని నెడుతూనే పోతే గని నీరు ఏటికేడు వేడెక్కుతుంది. కాబట్టి ఏసీతోపాటు వేడినీళ్లు కూడా కావలసిన చోటు నుంచి మొదలుపెట్టాలి. ఏడాదంతా రెండూ అవసరమయ్యే కొత్తగూడెం సింగరేణి ఆసుపత్రి లాంటివి ఇందుకు తగినవి. బొగ్గు తీశాక ఇసుక నింపిన గనుల్లో నీటికి చోటు తక్కువ, కాబట్టి ఏ గనిలో ఎంత ఖాళీ ఉందో ముందు తేల్చాలి. పాత భూగర్భ గనులను ఓపెన్‌కాస్టులుగా తవ్వేస్తే ఈ అవకాశమే ఉండదు.

హీర్లెన్‌లో వందల మీటర్ల కిందున్న సొరంగాల్లోకి బోరు గురిచూసి దించగలిగారంటే పాత గని పటాలు ఉండబట్టే. మన దేశంలో 2009 నుంచి బొగ్గు గని మూసివేత ప్రణాళిక, దానికోసం విడిగా జమచేసే ఎస్క్రో నిధి తప్పనిసరి. ఆ ప్రణాళికలోనే పటాల భద్రత, నీటి మట్టం, ఉష్ణోగ్రత, ఇనుము కొలతలు, ఒక పరిశీలన బోరు చేర్చాలి. గని గోఫులు (బొగ్గు తీసేసిన ఖాళీలు), దారులు తెలిసిన కార్మికులు రిటైరవుతున్నారు. వాళ్లుండగానే సింగరేణి యాజమాన్యం ఈ లెక్కలు తీయించాలి.